రక్తం ఆగకముందే రండి

మా జిల్లా పెద్దాసుపత్రిలో రోగులు పడే కష్టాలకు శాస్త్రీయమైన ఆధారం చూపించినవాణ్ణి నేనే. అంతకుముందు వాళ్ళు ఏ ఆధారమూ లేకుండానే పడేవారు.

నా పేరు డాక్టర్ చయనులు. ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రం చెబుతాను. డాక్టర్నే గానీ నా దగ్గరికి రోగులు రారు. ఎలుకలు వస్తాయి, అవీ ఇష్టపడి కాదు. పదకొండేళ్ళుగా ఆ ఎలుకల మీద ఒకే ఒక్క సంగతి పరిశోధిస్తున్నాను. పదకొండేళ్ళుగా అసోసియేట్ ప్రొఫెసర్‌గానే ఉన్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా ఆవిడ అంటుంది.

ఆ సంగతి ఇది. గుండెకో కాలికో మూత్రపిండానికో వెళ్ళే రక్తం ఆగిపోతే అక్కడి కండ చచ్చిపోవడం మొదలెడుతుంది. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిదేమిటంటే, అడ్డు తీసేసి రక్తాన్ని మళ్ళీ వదిలినప్పుడు, ఆ వచ్చిన రక్తమే ఇంకో దెబ్బ కొడుతుంది. వారం రోజులు పస్తున్నవాడికి ఒక్కసారిగా పెళ్ళిభోజనం పెడితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. ఈ రెండో దెబ్బ నుంచి కండను కాపాడడానికి ఒక చిత్రమైన ఉపాయం ఉంది. ముందుగానే చేతికి బీపీ పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు బిగించి, ఐదు నిమిషాలు వదిలి, ఇలా నాలుగు విడతలు చేస్తే, ఆ చిన్న చిన్న లేమికి అలవాటుపడ్డ శరీరం తర్వాత వచ్చే పెద్ద దెబ్బను కాస్త ఓర్చుకుంటుంది. నా ఎలుకలు ఓర్చుకున్నాయి. మనుషుల విషయం ఇంకా తేలలేదు.

నెలకోసారి మా ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉపన్యాసం ఇవ్వాలన్న నియమం ఉంది. మే నెలలో ఆ వంతు నాకు వచ్చింది. మామూలుగా ఉపన్యాసానికి ఏడుగురొస్తారు, వాళ్ళలో ఇద్దరు మైకు వాళ్ళు. ఆ రోజు మాత్రం హాలు కిక్కిరిసిపోయింది. నా కీర్తి ఇన్నాళ్ళకు పాకిందని పొంగిపోయాను. ఆసుపత్రి మొత్తం మీద ఏసీ పనిచేసేది ఆ ఒక్క హాల్లోనే అని తర్వాత తెలిసింది.

ముందు వరసలో మా పరిపాలనాధికారి విశ్వంభరరావుగారు కూర్చున్నారు. ఆయన డాక్టరు కాదు. కానీ ఆసుపత్రిలో గుండుసూది కదలాలన్నా ఆయన సంతకం కావాలి. సూపరింటెండెంటుగారు కూడా విశ్వంభరరావుగారు పెట్టమన్న చోటే సంతకం పెడతారు. ఆయన నా మాటలు రాసుకోవడం చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. గొంతు పెంచి చెప్పాను. మొత్తం ఇరవై ఎనిమిది స్లైడ్లు. ఇరవై ఎనిమిదో స్లైడు మీద 'మనుషులలో ఈ పద్ధతి పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు' అని ఎర్రక్షరాలతో రాసుకున్నాను. ఇరవై ఏడో స్లైడు నడుస్తుండగా సమోసాలొచ్చాయి. ఆ ఎర్రక్షరాలు చదివినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే.

మర్నాడు పొద్దున్నే విశ్వంభరరావుగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి ఆయన బల్ల మీద, గాజు బరువు కింద, నా ప్రమోషన్ ఫైలు కనిపించింది.

"డాక్టరుగారూ, మీ సిద్ధాంతంలో పరిపాలనాపరమైన అవకాశాలు అపారంగా నిక్షిప్తమై ఉన్నాయి" అన్నారు. "స్వల్ప లేమిని ముందుగా కలుగజేసినచో, గురు లేమిని తట్టుకొను సామర్థ్యం ఉత్పన్నమగును. అంతే కదా?"

"అంతేనండి. అయితే ఎలుకల్లో..."

"ఎలుకలా మనుషులా అన్నది అమలు స్థాయిలో పరిశీలిద్దాం. విధాన స్థాయిలో మీకు అభ్యంతరం లేదు కదా?"

నేను గాజు బరువు వైపు చూశాను. "సూత్రప్రాయంగా లేదండి" అన్నాను.

ఆ సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. పథకం పేరు 'ముందస్తు ఓర్పు కార్యక్రమం'. దానికి నోడల్ అధికారిని నేను. విరిగిన స్ట్రెచర్లు పడేసే గది ఖాళీ చేయించి నాకిచ్చారు. తలుపు మీద నా పేరుతో బోర్డు రాయించారు. ఆ వారమంతా నేను ఏ పనీ లేకపోయినా ఆ వరండాలో అటూ ఇటూ నడిచాను. బోర్డు రెండు వైపుల నుంచీ చదవడానికి బాగానే ఉంది.

మొదట్లో అంతా పద్ధతిగానే సాగింది. ఆపరేషన్‌కి వచ్చే రోగిని కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, నాలుగు విడతలు పూర్తి చేసి, గులాబీ రంగు కార్డు మీద ముద్ర వేసేవారు. నలభై నిమిషాల పని. ఎవరికీ నష్టం లేదు. చాలామందికి అసలు ఆసుపత్రిలో కూర్చోవడానికి కుర్చీ దొరకడం అదే మొదటిసారి కాబట్టి సంతోషించారు కూడా.

రెండు వారాలకు పట్టీలు చాలలేదు. కొత్తవాటికి టెండరు పిలవాలి. టెండరు తేలేదాకా కార్యక్రమం ఆగకూడదు. విశ్వంభరరావుగారు ఆలోచించి రెండో సర్క్యులర్ తీశారు: 'పట్టీ లభ్యం కాని పక్షమున, తత్సమానమైన ఇతర లేమిని కలుగజేసి నమోదు చేయవలెను.' దీని మీద నా శాస్త్రీయ అభిప్రాయం అడిగారు. సూత్రప్రాయంగా తప్పు లేదన్నాను.

ఇక చూడండి. ఓపీ హాల్లో ఫ్యాన్లు ఐదు నిమిషాలు ఆపి, ఐదు నిమిషాలు వేశారు. అసలే తిరగని ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళకు 'దీర్ఘకాలిక ఓర్పు' అని వేరే ముద్ర పడింది. లిఫ్టును ఒకటో అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య ఐదు నిమిషాలు నిలబెట్టారు. అది అంతకుముందు కూడా అక్కడే నిలబడేది. కాకపోతే ఇప్పుడు దాని పక్కన ఒకతను రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. క్యాంటీన్లో ఇడ్లీ ముందు పెట్టి, చట్నీ ఐదు నిమిషాలు ఆపి ఇచ్చారు. ఫిర్యాదుల పెట్టెలో పడ్డ ప్రతి కాగితానికీ ఒకటే జవాబు అచ్చేయించి పంపారు: 'మీకు కలిగిన అసౌకర్యం మీ చికిత్సలో అంతర్భాగమని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.' నెలలో ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. ఈ ఫలితాన్ని గ్రాఫు గీసి నేనే పై అధికారులకు పంపాను.

తర్వాత విశ్వంభరరావుగారి కన్ను నా సిద్ధాంతంలోని రెండో సగం మీద పడింది. ఆగిందేదైనా ఒక్కసారిగా తిరిగిరావడం ప్రమాదం అన్న సగం మీద. పడమటి వార్డులో తొమ్మిది రోజులుగా నీళ్ళు లేవు. పదో రోజు ప్లంబరు పైపు బాగుచేశాడు. కానీ కుళాయి తిప్పనివ్వలేదు. మొదటి రోజు చుక్కలుగా, రెండో రోజు పిల్లధారగా, మూడో రోజు సంతకాలయ్యాక పూర్తిగా వదలాలని ఉత్తర్వు. ప్లంబరు నా గదికొచ్చి, "సార్, పైపుక్కూడా గుండెజబ్బు వస్తుందాండీ?" అని అడిగాడు. నేను అతన్ని కూర్చోబెట్టి పావుగంట శాస్త్రం చెప్పాను. అతను చాలా మర్యాదగా విన్నాడు.

ఎమర్జెన్సీ హెడ్ నర్సు ఎస్తేరు సిస్టర్‌కి పద్నాలుగు నెలలుగా సెలవు లేదు. కూతురి పెళ్ళికని వారం అడిగింది. 'దీర్ఘకాలం సెలవు అందని ఉద్యోగికి ఏకకాలంలో వారము సెలవు పునరుద్ధరించుట ఆమె ఆరోగ్యానికి హానికరము' అని రాసి, మొదటి రోజు రెండు గంటలు, రెండో రోజు నాలుగు గంటలు, అలా పెంచుకుంటూ పోయారు. పెళ్ళి ముహూర్తం రెండు గంటల రోజున పడింది. ఆమె చర్చి నుంచి నేరుగా డ్యూటీకొచ్చి, నా గది ముందు ఆగి, నా బోర్డు వైపు చాలాసేపు చూసింది. తన వార్డుకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతవరకూ ఇవన్నీ నవ్వుకోదగ్గ విషయాలే. నేనూ నవ్వుకున్నాను. ఏడో సర్క్యులర్ వచ్చాక నవ్వు తగ్గింది. 'ఏ అవయవమునకైననూ రక్త ప్రసరణ పునరుద్ధరించుటకు పూర్వము, రోగి నాలుగు విడతల ముందస్తు ఓర్పు పొందినట్లు నోడల్ అధికారి సంతకం గల కార్డు సమర్పించవలెను. కార్డు లేనిదే ఆపరేషన్ థియేటర్ తాళం ఇవ్వరాదు.'

మా రక్తనాళాల సర్జన్ డాక్టర్ హైమవతి ఆ కాగితం పట్టుకుని విశ్వంభరరావుగారి గదికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"రక్తం ఆగిపోయినవాళ్ళే కదండీ నా దగ్గరికొచ్చేది. ఆగిపోయాక ఇంకా ముందస్తు ఏమిటి?" అంది.

"అదే మన ప్రజల్లో లోపించిన అవగాహన మేడమ్" అన్నారాయన బాధగా. "వాళ్ళు రక్తం ఆగాక వస్తున్నారు. ఆగకముందే రావాలి."

"నాళంలో గడ్డ ఎప్పుడు అడ్డం పడుతుందో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అందుకే ప్రచార కార్యక్రమం చేపడుతున్నాం."

ఆమె నా వైపు తిరిగింది. "చయనులుగారూ, ఇది మీ శాస్త్రం. మీరు చెప్పండి."

చెప్పాల్సింది ఒక్క ముక్క. గడ్డ పడ్డాక గడియారమే శత్రువు, ఆరు గంటలు దాటితే కాలు కాలు కాదు, ముందు అడ్డు తీయాలి. ఆ మాట నా మొదటి స్లైడులోనే ఉంది. నా ఫైలు ఆ వారం గాజు బరువు కింద నుంచి బయటికొచ్చి ఆయన చేతి పక్కనే తెరిచి ఉంది. "సూత్రప్రాయంగా మేడమ్ చెప్పిందీ సబబే, మీరు చెప్పిందీ సబబే" అన్నాను. హైమవతి కాగితం మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది. వారంలో ఊరంతా గోడల మీద పోస్టర్లు వెలిశాయి: 'రక్తం ఆగకముందే రండి.' కింద గుండ్రంగా నా ఫొటో.

తవిటయ్య ఆ పోస్టరు చూడలేదు. చూసినా చదవడం రాదు. అతను కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతాడు. రోజుకు నలభై చెట్లు. ఆ రోజు పొద్దున్న ఏడు గంటలకు మూడో చెట్టు మీద ఉండగా కుడికాలు ఉన్నట్టుండి మొద్దుబారింది. చేతుల బలంతోనే కిందికి జారాడు. అతని భార్య పైడమ్మ అతన్ని ఆటోలో వేసుకుని మా ఎమర్జెన్సీకి వచ్చేసరికి పది నలభై. కాలు మోకాలి కింద నుంచి తెల్లగా, చల్లగా ఉంది. తొడలో నాళం మూసుకుపోయిందని హైమవతి చేయి పెట్టగానే చెప్పింది. అప్పటికే నాలుగు గంటలు కావస్తోంది. థియేటర్ తెరవమంది.

"కార్డు?" అని అడిగాడు కౌంటర్ గుమాస్తా.

"రేషన్ కార్డు తెచ్చినామండి" అంది పైడమ్మ. "ఆధారు కూడా ఉన్నాది."

"గులాబీ రంగుది."

"అదెక్కడిత్తారండీ?"

"ఇక్కడే ఇస్తాం. కానీ రక్తం ఆగకముందు ఇస్తాం."

ఈ సంభాషణ జరుగుతున్నప్పుడు నేను ఏసీ హాల్లో ఉన్నాను. మా కార్యక్రమం చూసి నేర్చుకోవడానికి ఐదు జిల్లాల నుంచి అధికారులొచ్చారు. వాళ్ళకు స్లైడ్లు చూపిస్తున్నాను. ఈసారి ఇరవై ఏడే. ఇరవై ఎనిమిదోది నేనే తీసేశాను. ఎవరూ తీసేయమనలేదు. అది ఉంటే ఉపన్యాసం చివర్లో కళ తప్పుతుందనిపించింది, అంతే. హైమవతి మూడుసార్లు కబురు పంపింది. నోడల్ అధికారికి అంతరాయం కలిగించరాదని గుమ్మం దగ్గర ఆజ్ఞ ఉంది. నాలుగోసారి ఆమే వచ్చి తలుపు తోసింది. అప్పుడు నా భుజాల మీద శాలువా కప్పుతున్నారు. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది.

శాలువాతోనే ఎమర్జెన్సీకి పరుగెత్తాను. తవిటయ్య బల్ల మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళంతా చెట్ల గీతలు. నేను వెళ్ళేసరికి ఒక గుమాస్తా అతని చేతికి పట్టీ బిగించి గడియారం చూసుకుంటున్నాడు. కాలికి రక్తం లేని మనిషికి చేతికి కూడా ఆపి, నియమం ప్రకారం మొదటి విడత జరిపిస్తున్నాడు.

"సంతకం పెట్టండి" అంది హైమవతి. "ఇంకో గంటుంది."

పెట్టేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నా చేతికి కలం రాలేదు. కార్డులో మినహాయింపు అన్న గడి లేదు. గడి లేని చోట సంతకం పెడితే అది తప్పుడు ధ్రువీకరణ. తప్పుడు ధ్రువీకరణ చేసినవాడి ప్రమోషన్ ఫైలు ఏమవుతుందో నాకు తెలుసు. "ఒక్క మాట విశ్వంభరరావుగారిని అడిగి..." అన్నాను.

ఆయన అతిథులతో భోజనంలో ఉన్నారు. ఫోను ఎత్తేసరికి పన్నెండూ ఇరవై. "రెండో సర్క్యులర్‌లో తత్సమానమైన ఇతర లేమి అన్నాం కదండీ, దాని కింద మినహాయించవచ్చా?" అని అడిగాను.

"మినహాయింపు అను పదమే కార్యక్రమ స్ఫూర్తికి విరుద్ధం డాక్టరుగారూ. ఒక్కసారి ఆ ద్వారం తెరిస్తే ప్రతివాడూ తన కాలు తీసుకుని వస్తాడు. లేమి జరిగి ఉంటే నమోదు చేయండి. జరగకపోతే జరిపించండి." గ్లాసులో నీళ్ళు పోసుకుంటున్న శబ్దం వినిపించింది. ఫోను పెట్టేశారు.

నేను ఇంకా ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆసుపత్రి న్యాయ సలహాదారుకు చేద్దామా, సూపరింటెండెంటుగారికి చేద్దామా అని ఆలోచిస్తున్నాను. పది నిమిషాలు అలా ఆలోచించాను. పది నిమిషాలంటే నా పరిశోధనలో ఒక పూర్తి విడత.

హైమవతి నా దగ్గరగా వచ్చి మెల్లిగా అంది: "చయనులుగారూ, ఇతను మీ ఎలుక అయ్యుంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయేది."

నిజమే. నా ఎలుకల్లో ఒక్కదాన్నీ నేను ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. చేస్తే ఫలితాలు పాడవుతాయి. నాకు అప్పుడు సిగ్గేసింది. ఆలస్యంగా వేసింది గానీ గట్టిగానే వేసింది. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, ఎస్తేరు సిస్టర్ చేతిలోని కార్డు తీసుకున్నాను. లేమి జరిగి ఉంటే నమోదు చేయమన్నారు కదా, చేస్తే సరి.

"తవిటయ్యా, నీకు ఎప్పుడైనా ఏదైనా లేకుండా గడిచిందా?" అని అడిగాను.

అతను కళ్ళు తెరిచాడు. "ఏటి లేకుండానండీ?"

"ఏదైనా."

"ఏటుండి గడిచిందో అడగండి బాబూ. బేగి అయిపోద్ది."

నేను రాయడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆరేళ్ళు ఒంటిపూట తిండి. ఒకటో గడి నిండింది. తుఫానొచ్చిన ఏడు నాలుగు నెలలు కప్పు లేదు. రెండోది నిండింది. నడుముకి దెబ్బ తగిలిన ఏడాది పనిలేదు. మూడు. నాలుగో గడికి అతను ఇంకా ఐదారు సంగతులు చెబుతుంటే ఏది రాయాలో తేలక, ఈ పొద్దు పది నలభై నుంచి మా ఆసుపత్రిలో అని రాశాను. పదకొండేళ్ళు నేను ఎలుకల్లో వెతికినదంతా ఈ మనిషిలో నడిచి వచ్చింది. మా కార్యక్రమం మొత్తంలో ఇంత అర్హత ఉన్న రోగి ఇంకొకడు లేడు.

"సార్, విరామం గడులు ఖాళీగా ఉన్నాయి" అంది ఎస్తేరు సిస్టర్. ప్రతి లేమికీ పక్కన ఒక విరామం ఉండాలి. ఐదు నిమిషాలు బిగించడం, ఐదు నిమిషాలు వదలడం. "అవి నింపకపోతే తాళం ఇవ్వరు సార్."

"మధ్యలో ఎప్పుడైనా కాస్త బాగా గడిచిందా తవిటయ్యా?"

అతను ఆలోచించాడు. ఎంతకీ చెప్పలేకపోయాడు. పైడమ్మ అందుకుంది. "మా పెద్దమ్మి పుట్టినప్పుడు ఓ వారం రోజులు ఇంటికాడే ఉన్నాడండి. సంటిదాన్ని ఎత్తుకుని వాకిట్లో తిరిగీవోడు."

ఆ వారాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు గడుల్లో రాశాను. సంతకం పెట్టాను. ముద్ర వేశాను. సిస్టర్ తాళం కోసం పరుగెత్తింది. అప్పటికి పన్నెండూ యాభై.

గడ్డ తీయడానికి హైమవతికి అరగంట పట్టింది. తీశాక రక్తాన్ని ఒక్కసారిగా వదల్లేదు. వేలితో నాళాన్ని నొక్కిపట్టి, కొద్దికొద్దిగా, కండ రంగు చూసుకుంటూ వదిలింది. నేను పక్కన నిలబడి చూశాను. "ఈ పద్ధతి మీరెప్పటి నుంచి చేస్తున్నారు?" అని అడిగాను.

"ఇరవై ఏళ్ళ నుంచి" అంది. "మా ప్రొఫెసర్ నేర్పారు. సర్క్యులర్ ఏమీ ఇవ్వలేదు."

కాలు నిలబడింది. అయితే ఆలస్యానికి దాని ధర దానికి ఉంటుంది. మూడో రోజుకి బొటనవేలూ పక్కవేలూ నల్లబడ్డాయి. ఐదో రోజున రెండూ తీసేశారు. చెట్టెక్కేవాడు మానుని పట్టేది ఆ రెండు వేళ్ళతోనే అని పైడమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఒక గంట ముందు తెరిచి ఉంటే ఆ వేళ్ళు ఉండేవా అని హైమవతిని అడిగాను. ఆమె చేతులు కడుక్కుంటూ, "మీకు తెలియదా?" అంది. నాకు తెలుసు. పదకొండేళ్ళుగా నాకు తెలిసింది అదొక్కటే.

విశ్వంభరరావుగారు మాత్రం అమితానందభరితులయ్యారు. ఏడో సర్క్యులర్ వచ్చాక కార్డు పూర్తిగా నింపి, నియమానుసారం ఆపరేషన్ జరిగిన మొట్టమొదటి కేసు ఇదే. నివేదిక ఆయనే స్వయంగా రాశారు. 'రోగికి ప్రవేశ సమయమున కాలివేళ్ళు పది. నిష్క్రమణ సమయమున ఎనిమిది. కార్యక్రమ సాఫల్యత ఎనభై శాతం.' కుడికాలి లెక్కయితే అరవై శాతమేనండి అన్నాను. "శరీరాన్ని సమగ్ర దృష్టితో చూడాలని మీరే కదా బోధించారు" అన్నారాయన. నా ప్రమోషన్ ఉత్తర్వు దానితో పాటే వచ్చింది. ప్రొఫెసర్ చయనులు. తీసుకున్నాను. వద్దని తిప్పికొట్టానని రాస్తే బాగుండేది గానీ తీసుకున్నాను.

నివేదికకు జతపరిచే ఫారంలో ఒక గడి ఉంది: 'కణజాలమునకు కలిగిన హానికి కారణము.' దాని ఎదురుగా నేను నా పేరు రాశాను. పేరు, హోదా, గది నంబరు. మా ఇంట్లో నాకు ధైర్యం లేదని ఒక పేరుంది కాబట్టి, రాసిన చేతిని కాసేపు చూసుకున్నాను. రెండు రోజులకు ఫారం తిరిగొచ్చింది. ఆమోదిత వ్యాధుల జాబితాలో ఈ పేరు గల వ్యాధి లేదని, జాబితాలోని ఏదేని ఒక వ్యాధిని పేర్కొని సమర్పించవలెనని ఎర్రసిరాతో రాశారు. మళ్ళీ నా పేరే రాసి పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి, వ్యాధి నామమును పెద్ద అక్షరములతో రాయవలెను అని వచ్చింది. ఫారం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

పద్దెనిమిదో రోజున తవిటయ్యను ఇంటికి పంపారు. చేతికర్ర పట్టుకుని, పైడమ్మ భుజం మీద చేయి వేసి, అంత దూరం నా గది వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కర్ర కింద పడింది. వంగి తీసిచ్చాను.

"తవిటయ్యా, నీ వేళ్ళు జబ్బు వల్ల పోలేదు. నేను సంతకం ఆలస్యం చేయడం వల్ల పోయాయి" అన్నాను.

"తెలుసు బాబూ" అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. "కళ్ళు మూసుకుని తొంగున్నాను గానీ తెలివిగానే ఉన్నాను గదా. ఆ డాట్రమ్మ మిమ్మల్ని అడగడం, మీరు ఫోను కాడ నిలబడిపోవడం, అన్నీ ఇన్నాను."

పైడమ్మ తల దించుకుంది. నేను కుర్చీ చూపించాను. అతను కూర్చోలేదు.

"మరి తెలిసి కూడా నాకు దండం ఎందుకు పెట్టావయ్యా?"

తవిటయ్య కర్రను చంకలో సర్దుకున్నాడు. నా బోర్డునీ నన్నూ ఒకసారి చూశాడు.

"ఇంకో కాలున్నాది గదా బాబూ" అన్నాడు.